పేరు పక్కన రెండు మాటలు

2024 జూన్ చివరి వారం. గుంటూరు ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ. వేసవి సెలవుల తర్వాత మిర్చి యార్డు మళ్ళీ తెరిచారు. రైతులు వేసవి ముందు దాచుకున్న టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, బయటికి రావడం మొదలైంది.

నేను కోబాల్ ప్రోగ్రాములు చూసే మనిషిని. వ్యాపార లెక్కల కోసం పుట్టిన పాత కంప్యూటర్ భాష అది. నాకు నేర్పింది మస్తాన్ గారు. ఈ కోల్డ్ స్టోరేజీ ప్రోగ్రాములన్నీ ఆయన రాసినవే. ఆ ఫిబ్రవరిలో ఆయన పోయారు. చిక్కొస్తే ఆయనకు ఫోన్ చేసే అలవాటు నా చేతికి ఇంకా పోలేదు.

కోబాల్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం ఏ పని చేయాలన్నా ముందు తానెవరో చెప్పుకోవాలి. ఆ మొదటి భాగాన్ని ఐడెంటిఫికేషన్ డివిజన్ అంటారు. అందులో ప్రోగ్రామ్-ఐడి అన్నచోట పేరు రాస్తాం. మిగతా ప్రోగ్రాములు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాయి. రాసినవాళ్ళ పేరు, రాసిన తేదీ కూడా అక్కడే ఉండొచ్చు. వాటిని యంత్రం పట్టించుకోదు, అవి మనుషుల కోసం. అందుకే చాలామంది ఈ భాగాన్ని చదవకుండా దాటేస్తారు.

మేనేజరు పిలిస్తే వెళ్ళాను. కౌంటర్ ముందు బెంచీ మీద అద్దంకి పక్క పల్లె నుంచి వచ్చిన రాహేలమ్మ కూర్చుని ఉంది. భర్త లేడు. కౌలుకు చేసిన తేజ రకం మిరప ఆవిడ పేరు మీదే ఇక్కడ పెట్టారు. కంప్యూటర్ మాత్రం మొన్న వచ్చినప్పుడూ, ఇవాళా ఆ సరుకు ఎప్పుడో డెలివరీ అయిపోయిందంటోంది.

"బాండు నా చేతిలోనే ఉందిగా బాబూ?" అంది ఆవిడ, మడత పెట్టిన రసీదు చూపిస్తూ.

కౌంటర్ గుమాస్తా సుబ్బారావు తల కూడా ఎత్తలేదు. "కొందరు బాండు పోయిందని చెప్పి డూప్లికేటు మీద సరుకు తీసుకెళ్తారమ్మా. సరుకు తెచ్చి దింపింది మీ మరిదే కదా? ఆయన్నడుగు."

"నీ కంప్యూటర్‌ని నేనెరగను. నా మరిదిని ఎరుగుదును."

గట్టిగానే అంది. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అయినా అడిగానమ్మా. మొన్న ఇక్కడినుంచి వెళ్ళి, ఏమన్నా తెలుసా అబ్బాయ్ అని ఒక్క మాట అడిగాను. కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ గడప తొక్కలేదు."

పక్కనే వాళ్ళ ఊరి కోటయ్య ఉన్నాడు. మొన్నా ఆవిడతో వచ్చాడు, ఇవాళ సాక్షిగా మళ్ళీ వచ్చాడు. ఆయన సరుకు మాత్రం యార్డు తెరిచిన రోజే అమ్మేశాడు.

నేను తెర తెరిచి ఆవిడ లాట్ నంబరు కొట్టాను. లాట్ అంటే ఒక రైతు ఒకసారి దించిన సరుకు. సరుకంతా ఉందని వచ్చింది. ఏ గదిలో, ఏ అంతస్తులో ఉందో కూడా వచ్చింది.

సుబ్బారావు కుర్చీలోంచి లేచాడు. "ఇందాక నా కళ్ళతో చూశాను మేడమ్! డెలివరీ అయిందనే చూపించింది."

"ఇందాక ఎలా చూశారో అలాగే చూడండి," అన్నాను.

"ఎలా ఏముంది? ముందు కోటయ్య గారు తనది చూడమన్నారు, చూశాను. తర్వాత ఈవిడది."

"మొన్న?"

"మొన్నా అంతే."

కోటయ్య కంగారుపడ్డాడు. "నా సరుకంతా వెళ్ళినట్టు రాసుకున్నారో లేదోనని అడిగానండీ. సాక్షిగా వస్తే నన్నే ముద్దాయిని చేస్తారా ఏంటి?"

ముందు కోటయ్య నంబరు కొట్టాం. డెలివరీ అయినది. నిజమే. వెంటనే రాహేలమ్మ నంబరు కొట్టాం. డెలివరీ అయినది. తెర మూసి తెరిచి ఆవిడది ఒక్కటే కొట్టాం. సరుకు ఉంది.

"మొన్న ఇంకో ఇద్దరు షావుకార్లకీ ఇలాగే వచ్చింది," అన్నాడు సుబ్బారావు మెల్లగా. "మూసి తెరిస్తే సరిపోయింది."

"మరి నాకెందుకు మూసి తెరవలేదు?" అంది రాహేలమ్మ.

అతను తెర వైపు తిరిగాడు.

మే నెలలో ఎవరో ఈ ప్రోగ్రాములను కొత్త యంత్రంలోకి మార్చారు. మార్చేటప్పుడు మొదటి భాగాన్ని శుభ్రం చేశారు. పేరొక్కటి ఉంచి మిగతాది తీసేశారు. నా దగ్గరున్న పాత ప్రతి తెరిచి పక్కన పెట్టుకుని చూశాను. మస్తాన్ గారు ప్రోగ్రాం పేరు పక్కన రెండు మాటలు రాశారు: 'ఈజ్ ఇనిషియల్'. చూడటానికి అలంకారంలా ఉంటాయి. కానీ వాటిని యంత్రం చదువుతుంది. ఆ మాటలుంటే, ప్రోగ్రాంను పిలిచిన ప్రతిసారీ అది అప్పుడే పుట్టినట్టు మొదలవుతుంది. లేకపోతే కిందటి మనిషికి చెప్పిన జవాబు, తెర మూసేదాకా, దాని జ్ఞాపకంలో మిగిలిపోతుంది. కోటయ్య సరుకు వెళ్ళిపోయిందన్న గుర్తు రాహేలమ్మ మీద పడింది అలాగే.

ఆ రెండు మాటలు తిరిగి రాశాను. కోటయ్యది కొట్టి ఆవిడది కొట్టాం. సరుకు ఉంది.

అయినా చూస్తేనే నమ్ముతానంది ఆవిడ. హమాలీతో కలిసి అందరం లోపలికి వెళ్ళాం. బయట ఎండ మండుతోంది, లోపల వణికించే చలి. ఘాటుకు అందరం దగ్గాం. తెర చెప్పిన చోటే ఆవిడ నంబరున్న టిక్కీలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద అరచెయ్యి ఆనించి చూసింది. బయటికి రాగానే ఫోన్ తీసింది.

"అబ్బాయ్, ఉన్నాయిరా. అన్నీ ఉన్నాయి. నేను అడగకుండా ఉండాల్సింది. ఇంటికి రా. నువ్వొచ్చాకే వండుతాను."

అతనేమన్నాడో నాకు వినిపించలేదు. ఆవిడ పైట కొంగుతో మొహం తుడుచుకుని, "బయల్దేరాడంట," అంది కోటయ్యతో.

ఆ వారమంతా మస్తాన్ గారి పాత ప్రోగ్రాములు ఒక్కొక్కటీ తెరిచి మొదటి వరసలు చదివాను. అన్నేళ్ళు ఆయన పక్కన పనిచేసి కూడా వాటిని ఎప్పుడూ వరసగా చదవలేదు. మొత్తాలు కట్టేవాటికి, రిపోర్టులు తీసేవాటికి ఉత్త పేరే ఉంది. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి జవాబు చెప్పే ప్రతి ప్రోగ్రాముకూ పేరు పక్కన ఆ రెండు మాటలున్నాయి. ఒక్కదానికి కూడా మరిచిపోలేదు. ఎందుకలా రాశారో ఆయన ఎవరికీ చెప్పినట్టు లేదు.

ఎదుట మనిషి మారినప్పుడు, వెళ్ళినవాళ్ళ సంగతి మనసులోంచి తీసేసి చూడాలి. ఎవరో డూప్లికేటు తీసుకున్నారని ఈవిడనీ అనుమానించిన సుబ్బారావుకు అది చేతకాలేదు. చాలా రోజులు నాకూ చేతకాదు. మనుషులకు అది కష్టమని తెలిసే ఆయన యంత్రానికి రాసిపెట్టి ఉంటారు.