పట్టుదారం కట్టిన తీగలు

కొత్తకోట హైవే పక్కన లారీలకు వైరింగ్ చేసే ఒకాయన ఉండేవాడు. గద్వాల మగ్గాల ఇంట్లో పుట్టాడు కాబట్టేమో, చొక్కా జేబులో టెస్టర్‌తో పాటు పట్టుదారం ముక్కలు ఉండేవి. ఏ తీగ ఏ పనిదో తేలగానే దానికో రంగు దారం కట్టేవాడు. కట్టనిదే రెండో తీగ ముట్టేవాడు కాదు.

నా పాత అంబాసిడర్‌కు పాత సామాన్ల కొట్లో ఒక వైపర్ మోటారు దొరికింది. దాని నాలుగు తీగలూ మాసిపోయి ఒకే మట్టిరంగులో ఉన్నాయి. తప్పుగా కలిపితే కాలిపోతుంది, ఇలాంటిది మళ్లీ దొరకదు. నాకు భయం, ఆయనకు పండగ!

బ్యాటరీ తగిలించాడు. ఒక తీగకు మోటారు నెమ్మదిగా తిరిగింది, పచ్చదారం. ఇంకోదానికి జోరుగా తిరిగింది, ఎర్రదారం. మిగిలిన రెండింటిలో ఒకదానికి కరెంటు ఇచ్చి, రెండోదానికి చిన్న బల్బు పెట్టాడు. మోటారు తిరుగుతుంటే బల్బు వెలుగుతోంది, ప్రతి చుట్టులోనూ ఒక్కచోట ఆరిపోతోంది.

"దొరికింది సార్! బల్బు ఆరిన కాడనే దీని ఇల్లు. స్విచ్ బంద్ చేస్తే అద్దం మధ్యల ఆగదు, సీదా ఇంటికి పోతది!"

మోటారు బిగించి, అద్దం మీద చెంబుతో నీళ్లు చల్లాడు. దారిన పోయే లారీ డ్రైవర్‌ను పిలిచి, "అన్నా, జర ఆగి సూడు!" అన్నాడు. వైపర్ సగంలో ఉండగా నేను స్విచ్ ఆపాను. అది బుద్ధిగా వెళ్లి కింద పడుకుంది.

"ఇంటికి పొయ్యింది సార్!" అని చప్పట్లు కొట్టాడు. "మల్లొక్కసారి" అంటూ ఏడుసార్లు చేయించాడు.

ఇప్పటికీ వనపర్తి దారిలో వాన పడితే, కారు పక్కకు తీసి ఒకసారి వైపర్ స్విచ్ ఆపుతాను. కార్లో నేనొక్కడినే ఉన్నా సరే, "ఇంటికి పొయ్యింది సార్!" అని అరుస్తాను.