పాట మీద కప్పిన శాలువా

మైదానం నిండా జనం పాట వినడానికి కూర్చున్నారు. పాడే మనిషి స్టేజీ మీదే ఉంది. అయినా ఒక్క పాట కూడా బయటికి రాకుండా ఆపడం ఎవరి వల్లనైనా అవుతుందా? నావల్ల అయింది. కరెంటు పోలేదు, వాన పడలేదు, ఎవరూ కొట్టుకోలేదు. నేనొక్కణ్నే, ఒక్క శాలువాతో, సూర్యాపేటలో ఆ ఘనకార్యం చేసి వచ్చాను. ఇప్పటికీ ఎక్కడైనా ఎవడైనా శాలువా మడత విప్పుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. మీకు నవ్వొస్తుందని తెలుసు, నవ్వుకోండి. నాకు మాత్రం ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నా పేరు సైదులు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. మా అక్క నాగమణిని కోదాడలో ఇచ్చారు. అక్కడ బస్టాండుకు దగ్గర్లో ఆమెకు టిఫిన్ బండి ఉంది. తెల్లారకముందే పొయ్యి ముట్టిస్తుంది. పొయ్యి కన్నా ముందు ఫోన్‌లో స్వరూప పాట పెడుతుంది. స్వరూప అంటే మా వైపు పల్లెపాటలు పాడుకుంటూ పేరు తెచ్చుకున్న అమ్మాయి. ఆమె పాటల్లో ఒకటంటే అక్కకు ప్రాణం. నాట్లకు పోయిన అక్కకు పొలం గట్టు మీదికి సద్ది మోసుకొచ్చిన తమ్ముడి గురించిన పాట అది. ఆ పాట వస్తున్నంతసేపూ అక్క దోశ తిప్పడం మరిచిపోతుంది. కోదాడలో మాడిన దోశ తిన్న వాళ్లందరికీ ఆ పాట సంగతి తెలుసు.

నాలుగైదేళ్ల కిందటి మాట. చలికాలం. సూర్యాపేట కాలేజీ గ్రౌండులో ఏదో యువజన సంఘం వాళ్లు స్వరూప పాటల కార్యక్రమం పెట్టారని తెలిసి, అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, స్వరూప వస్తున్నది సూర్యాపేటకు. పోదామా?”

“బండి ఎవడు నడుపుతాడ్రా? మీ బావా? ఆయనకు నీళ్లు కాగబెట్టడం కూడా రాదు.” ఆంధ్రా అంచున ఉన్న కోదాడలో కాపురం చేసి చేసి అక్క మాట సగం అటూ సగం ఇటూ అయిపోయింది.

“ఒక్కరోజు బంద్ పెట్టు. ఏమైతది?”

అక్క జ్వరంతో ఉన్నప్పుడు కూడా ఆ బండి బంద్ కాలేదు.

“ఆ పాట పాడుతుందా మరి?” అంది చివరికి, చిన్నపిల్ల అడిగినట్టు.

“పాడుడేంది అక్కా, నీ పక్కన కూసోబెట్టి పాడిపిస్త. నాది జిమ్మ.”

చూశారా ఆ కూత? స్వరూప ఏదో మా మిల్లులో బస్తాలు కుడుతున్నట్టు, నేను రమ్మంటే వచ్చేటట్టు మాట ఇచ్చేశాను. అక్క మాత్రం నమ్మింది. బండికి తాళం వేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని, బస్సెక్కి వచ్చేసింది. భుజాల మీద రోజూ తెల్లవారుజామున కప్పుకునే కాఫీ రంగు ఉన్ని శాలువా. ఒక మూల పొయ్యికి తగిలి కాలింది. అక్కడక్కడా ఎండిన దోశపిండి.

పొద్దు గుంకకముందే పోయి ముందు వరసలో కూర్చున్నాం. కూర్చున్న కాసేపటికే మా ముందుకు సోఫాలొచ్చాయి. సోఫాలకు తాడు కట్టారు. తాడు లోపలికి మెళ్లో కండువాలు వేసుకున్న వాళ్లొచ్చారు. ఎండలో కూర్చున్న వాళ్లం వెనక, చీకటి పడ్డాక కార్లు దిగిన వాళ్లు ముందు. పోనీ వాళ్లకు పాటంటే ఇష్టమా అంటే, ఒక్కడూ స్టేజీ వైపు చూడడు. అందరూ తమను ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కే చూస్తున్నారు.

ఆ తర్వాత మొదలైంది అసలు రోత. సంఘం అధ్యక్షుడు కార్యదర్శికి శాలువా కప్పాడు. వెంటనే కార్యదర్శి అధ్యక్షుడికి కప్పాడు. ఏమయ్యా, ఈ పని ఇంటి దగ్గర చేసుకోలేరా? ఆ తర్వాత సోఫాల్లో ఉన్న వాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి కప్పారు. మైకు దొరికిన ప్రతివాడూ “రెండు మాటలు చెప్పి ముగిస్తా” అనే మొదలుపెట్టాడు. రెండంటే ఎంతో వీళ్లకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పినట్టు లేదు. మా పక్కన ఒకాయన ఆ ప్రసంగాలను కూడా ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఇంటికి పోయి అవి ఎవరికి చూపించుకుంటాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పాపం, స్వరూప స్టేజీకి ఒక మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. ఎవరి కోసం ఇంతమంది వచ్చారో ఆ మనిషిని పలకరించే దిక్కు లేదు.

“ఏంట్రా ఇది?” అంది అక్క. “పాటలన్నావు. ఇక్కడేమో పెళ్లిలో బట్టలు పెడుతున్నట్టున్నారు.”

“ఆగక్కా, అయితది.”

“ఎప్పుడు? తెల్లారి నేను పిండి కలుపుకోవాలా వద్దా?”

ఆ మాటతో నాకు తిక్కరేగింది. లేచి విసవిసా స్టేజీ పక్కకు పోయాను. మెట్ల దగ్గర ఛాతీ మీద బ్యాడ్జీ పెట్టుకొని ఒక బట్టతలాయన నిలబడ్డాడు.

“అన్నా, పాట ఎప్పుడు మొదలైతది?”

“పెద్దమనుషులది అయినంక.”

“వాళ్లది ఎప్పుడైతది?”

“అయినంక.”

“నేను స్వరూపకు ఒక్క మాట చెప్పాలె. జర పోనీయ్.”

“ఊకె ఎట్ల పోనిస్తం తమ్మీ? సన్మానమైతే చెప్పు, పోనిస్త.”

“సన్మానమైతే ఎవలనైనా పోనిస్తవా?”

“శాలువా ఉంటే ఎవలైతేంది?”

మీరైతే అక్కడే బుద్ధి తెచ్చుకొని వెనక్కి వచ్చి కూర్చునేవారు. నాకు మాత్రం ప్రపంచంలో ఎవరికీ రాని ఆలోచన వచ్చినట్టు అనిపించింది. అక్క దగ్గరికి ఉరికాను.

“అక్కా, శాలువా ఇయ్యి.”

“ఎందుకురా? చలి చంపుతుంటే!”

“పాట కావాలెనా, శాలువా కావాలెనా?”

“ఒరేయ్, దాని మీద పిండి మరకలున్నాయిరా!”

“మడత పెడితే కనపడవ్.” లాక్కొని పోయాను. చీర కొంగు భుజాల చుట్టూ లాక్కొని అక్క ఏదో అంటూనే ఉంది. నేను వింటేగా.

బట్టతలాయన నన్ను స్టేజీ వెనకనుంచి రమ్మన్నాడు. అక్కడంతా చీకటి. వైర్లు దాటుకుంటూ, జనరేటర్ పొగ పీల్చుకుంటూ, ఆ ప్రసంగాల వాళ్ల ఏడు తరాలనూ తిట్టుకుంటూ నడుస్తున్నాను. ఇంతలో డప్పు మోగింది. ఎవడో ఇంకో పెద్దమనిషి దిగాడు కాబోలు, వాడికి స్వాగతం కొడుతున్నారు అనుకొని ఇంకా మండిపోయాను. గ్రౌండంతా ఒక్కసారి ఈలలు, కేకలు. వాడికి ఈలలు కూడానా అనుకుంటూ మెట్లెక్కి, శాలువా రెండు చేతులా పట్టుకొని లైట్లలోకి వచ్చాను.

అయ్యా, అప్పటికి పెద్దమనుషులది అయిపోయింది. అందరూ కిందికి దిగిపోయారు. డప్పు మోగింది స్వరూప పాటకే. ఈలలు ఆమెకే. ఆమె మైకు పట్టుకొని, ఊపిరి తీసుకొని, నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు ఆమె ముందు నేను, కాలిన మూల ఉన్న శాలువాతో.

డప్పు ఆగిపోయింది. నేనింకా సంగతి తెలియని వెధవలాగే వంగి చెప్పాను: “చెల్లే, ఒక్క మాట. మా అక్క కోదాడ నుంచి బండి బంద్ పెట్టి వచ్చింది. గా సద్ది పాట జర పాడవా?”

ఆమె మైకు పక్కకు పెట్టి, పళ్ల మధ్య నుంచి అంది: “అన్నా, ఇప్పుడు గదే అందుకుంటున్న. నువ్వు దిగు.”

దిగాలి కదా? దిగబోయాను కూడా, ఒట్టు. కానీ యాంకర్ ఉన్నాడు. శాలువా కనిపిస్తే ఆ మనిషికి చేతులూ నోరూ ఆగవు. పరుగెత్తుకుంటూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

“సార్ ఏ ఊరు?”

“మిర్యాలగూడ.”

“ఏం చేస్తరు సార్?”

“రైస్ మిల్లుల...”

గుమస్తా అనే మాట నా గొంతులో ఉండగానే మైకులో మోగిపోయింది: “మిర్యాలగూడ ప్రముఖ రైస్ మిల్లు యజమాని గారు మన స్వరూప గారిని ఘనంగా సన్మానిస్తున్నారు! ఒక్కసారి గట్టిగా చప్పట్లు!”

కాదనాలి కదా? నేను అనలేదు. నిజం చెప్పనా, ఒక్క క్షణం చెవులకు బాగానే ఉంది. అక్క శాలువా ఆమెకు కప్పాను. ఆమె ముక్కు ఒకసారి ముడుచుకుంది. వద్దంటున్నా వినకుండా నన్ను కుర్చీ వేసి స్టేజీ మీదే కూర్చోబెట్టారు.

అంతే, కింద ఒకడు లేచాడు.

“మిర్యాలగూడోళ్లు చేస్తే మరి కోదాడోళ్లకు చేతుల్లేవా?”

కోదాడ బృందం స్టేజీ ఎక్కింది. శాలువా ఎక్కడిదంటే, సోఫాలో కూర్చున్న ఒకాయన మెడలోది ఊడబీకారు. కోదాడ వాళ్లది పూర్తి కాకముందే “పెన్‌పహాడ్ అంటే లెక్కలేదా?” అని ఒక గుంపు. వాళ్ల వెనకే చిలుకూరు వాళ్లు. ఇవన్నీ చూసి సూర్యాపేట వాళ్లకు పౌరుషం పొడుచుకొచ్చింది.

“మా గడ్డ మీద ప్రోగ్రాం పెట్టి, మమ్మల్ని ఆఖరికి నిలబెడుతరా?”

“మీరు మొదలే కప్పుకున్నరు కదా అన్నా!”

“అది సంఘం తరఫున. ఇది ఊరి తరఫున.”

సోఫాల్లో ఉన్న మెడలన్నీ ఖాళీ అయ్యాయి. కప్పిన ప్రతివాడికీ ఫోటో కావాలి, మైకులో రెండు మాటలు కావాలి. శాలువాల మధ్య స్వరూప ముఖం మాత్రమే కనిపిస్తోంది. ఆ ముఖం మధ్యమధ్యలో నావైపు తిరుగుతోంది. ఆ చూపు నేను ఇక్కడ రాయలేను.

ఇక ఉండబట్టలేక లేచి అరిచాను: “ఇగ చాలు! ఆమెను పాడనీయుండ్రి!”

చిలుకూరు పెద్దాయన నన్ను పై నుంచి కిందికి చూశాడు. “నువ్వు కప్పినప్పుడు తియ్యగున్నది, మేం కప్పితే చేదైందా ఓనర్ సాబ్?”

మళ్లీ కుర్చీలో కూలబడ్డాను. దిగిపోదామంటే మెట్ల నిండా శాలువాల వాళ్లు. కింద మా అక్క కుర్చీ ఎక్కి నిలబడింది. ఇంత గోలలోనూ ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపించింది: “దిగరా సైదులూ! నీ మొహం మండ, దిగు!” పక్కనున్న వాళ్లు కూడా అందుకున్నారు. కాసేపటికి గ్రౌండంతా నన్నే దిగమంటోంది. ఇంకాసేపటికి చూస్తే అక్క కుర్చీ ఖాళీగా ఉంది. స్వరూప కూడా ఆ శాలువాలతోనే స్టేజీ వెనక గుడ్డ చాటుకు తప్పుకుంది, అయినా చిలుకూరు పెద్దాయన రెండు మాటలు మైకులో సాగుతూనే ఉన్నాయి.

అప్పుడు పోలీసాయన వచ్చి యాంకర్ చెవిలో ఏదో చెప్పాడు. యాంకర్ మైకు అందుకున్నాడు. “పర్మిషన్ టైమ్ అయిపోయినందుకు చింతిస్తూ, ఇంతసేపు మనల్ని అలరించిన స్వరూప గారికి ధన్యవాదాలు!” అలరించిందట! ఆ మాట విన్నప్పుడు జనం నుంచి వచ్చిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ కాగితం కాలిపోతుంది. సగం ఆయనకు, సగం నాకు.

కిందికి దిగితే “ఓనర్ సాబ్, మీ మిల్లు ఏడుంటది? వచ్చి మాట్లాడుతం” అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తప్పించుకొని అక్క కోసం వెతికాను. గ్రౌండు తిరిగాను, గేటు దాకా పోయాను, ఫోన్ చేస్తే ఎత్తదు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఎన్నడూ బండి మూయని మనిషి నా మాట మీద మూసి వచ్చింది. ఒంటి మీది శాలువా కూడా లాక్కున్నాను. పాట వినని వట్టి చెవులతో, చలిలో, ఒక్కతే బస్సెక్కి పోయిందేమో అనుకుంటే నాకు ఏడుపొచ్చింది.

చివరికి స్టేజీ వెనక టీ బండి దగ్గర కనిపించింది. బెంచీ మీద కూర్చొని టీ తాగుతోంది. భుజాల మీద కాఫీ రంగు శాలువా. కళ్లు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. అవతల కారు ఒకటి కదులుతోంది. అద్దంలోంచి స్వరూప చెయ్యి ఊపింది: “అక్కా, కోదాడ దిక్కు వస్తే నీ బండికాడనే దోశ తింట!”

కాలిన మూల పట్టి చూశాను. “శాలువా... నీకెట్లొచ్చింది?”

“నాది కాదా? పోయి అడిగా. ‘అమ్మా, అన్నిటికన్నా అడుగున ఉన్న కాఫీ రంగుది నాది, చలేస్తుంది, ఇచ్చెయ్’ అన్నా. ఆ పిల్ల నవ్వీ నవ్వీ, పైవన్నీ తీసేసి, ఇది నాకు తనే కప్పింది.”

“మంచిగైంది. పోదాం పా.”

“ఆగు, టీ తాగనీ. ఆ పిల్ల కూడా ఇక్కడే తాగింది, నా పక్కన కూర్చొని. తాగుతూ పాడింది.”

“ఏం పాడింది?”

“ఏం పాడుద్దిరా? అదే. మైకు లేదు, ఏం లేదు, మొత్తం పాడింది. సద్దిమూట విప్పే కాడ నాకు ఏడుపాగలేదు.” అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. “నువ్వు అన్నమాట నిలబెట్టావులేరా. పక్కన కూర్చోబెట్టే పాడించావు.”

“మరి నన్ను పిలవొద్దా అక్కా?”

“నువ్వు సన్మానంలో ఉన్నావు కదయ్యా, ఓనరు గారూ.”

అంటే ఏమైంది? ఊరందరికీ పాట పోగొట్టింది నేను. అక్కకు పాట దక్కింది. జీవితంలో ఒక్కసారి దగ్గర్నుంచి వినాల్సిన పాట, గుడ్డకు అవతల ఇరవై అడుగుల్లో జరుగుతుంటే, నేను చిలుకూరు పెద్దాయన రెండు మాటలు వింటూ కూర్చున్నాను. ఇంతకన్నా మండే సంగతి ఉంటుందా, చెప్పండి.

ఉంది. కోదాడ బస్సులో అక్క చెప్పింది.

“ఆ పిల్ల నీ గురించి కూడా అడిగిందిరా.”

“ఏమని?” ఆశగా అడిగాను.

“‘మొదట ఈ శాలువా తెచ్చినాయన మీకేమైతడక్కా’ అని.”

“నువ్వేమన్నవ్?”

“‘నాకేం కాడమ్మా. ఎవడో దొంగ, నా భుజాల మీంచి లాక్కుపోయాడు’ అన్నా.”

అందుకని, మా అక్క బండి ముందు నిలబడి, మాడిన దోశ చేతిలో పట్టుకొని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంత కాలం ఇక నేను ఎవరికీ శాలువా కప్పను. ఎదురుగా మనిషి చలికి గడగడ వణుకుతున్నా సరే, దుప్పటే కప్పుతాను. అది కూడా ఆ మనిషిని స్టేజీ దింపిన తర్వాతే.