సగం తాడిపత్రికి ఒకే ఇన్‌బాక్స్

2004వ సంవత్సరం. తాడిపత్రిలో, బండల పాలిష్ యూనిట్లకు వెళ్ళే దారిలో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నా కీబోర్డుల్లో పడిన రాతి దుమ్ములో ఒక పంట వేరుశనగ తీయవచ్చనీ, ఒక పేజీ తెరుచుకునేలోపు అనంతపురం వెళ్ళి రావచ్చనీ అంటాను. ఎంత తగ్గించుకోవాలో మీ ఇష్టం.

అప్పట్లో ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు పక్కింటి నంబరిచ్చి, దాని పక్కన పీపీ అని రాసేవారు. అదే అలవాటు ఈమెయిలుకూ వచ్చింది. సొంత ఐడీ, దానికో పాస్‌వర్డు, దాన్ని గుర్తుపెట్టుకునే బాధ ఎవరికి కావాలి? అందరూ నా సెంటర్ ఐడీనే ఇచ్చేసేవారు. మెయిలొస్తే ప్రింటు తీసి, పేరు రాసి, గోడ మీది తీగకు తగిలించేవాణ్ణి. సగం తాడిపత్రి ఆ ఒక్క ఇన్‌బాక్సులో కాపురముండేది. అందులో చోటు నాలుగు ఎంబీ. పెద్ద అటాచ్‌మెంట్లు, అంటే మెయిలుకు కట్టి పంపే ఫోటోలో కాగితాలో, నాలుగైదు పడితే తలుపు మూసుకుపోయేది.

ఆ ఏడాదే మెయిలు కంపెనీల మధ్య పోటీ ముదిరింది. కొత్తగా దిగిన కంపెనీ ఒకటి వెయ్యి ఎంబీ ఉచితమంది. కాకపోతే లోపలున్నవాళ్ళు ఇన్విటేషన్ పంపితేనే ప్రవేశం. పాత కంపెనీలు దీనికేం జవాబిస్తాయో రోజూ చూసి, ఎవరు ఎంత చోటిస్తున్నారో సెంటర్ బయట నల్లబోర్డు మీద రాసేవాణ్ణి. ఎన్నికల లెక్కింపు రోజున కూడా అంత జనం మూగరని చెప్పుకునేవాణ్ణి. చదివేది టీ తాగేవాళ్ళు ఇద్దరు. బెంగళూరులో ఉండే మా బామ్మర్ది ఇంగ్లీషు పత్రికల్లో ఆ వార్తలు కత్తిరించి, స్కాన్ చేసి నాకు మెయిల్లో పంపేవాడు.

ఒక మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. పదిమంది కూలీలతో చిన్న పాలిష్ యూనిట్ నడుపుతున్నవాడు.

"ఏమప్పా, బెంగళూరు పార్టీ రెండు తూర్లు మెయిలు పంపినాడంట. రెండు తూర్లూ ఎనక్కొచ్చిందంట. నీ డబ్బాకు ఏమొచ్చింది?"

డబ్బా నిండింది. నిండిన ఇన్‌బాక్సుకు పంపిన మెయిలు పంపినవాడి దగ్గరికే తిరిగిపోతుంది. దాన్నే బౌన్స్ అంటాం. ఆ మెయిల్లో ఉన్నది ఒక కల్యాణమంటపం నేల డ్రాయింగు. సాయంత్రం ఐదులోపు చూసి రేటు చెప్పకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. అది పోతే ఓబులేసు మిషన్లకు వేరే పని లేదు.

"ఐదు నిమిషాల్లో వేరే ఐడీ చేసిస్తా. ఫోన్లో ఆ అడ్రసు చెప్పు," అన్నాను.

"బాగుండాదే! గేటు కాడ బండ మీద నీ అడ్రసు చెక్కించినాను. ఆ పార్టీ దాన్ని చూసే పోయినాడు. ఇప్పుడు మారిందంటే దుకాణం ఎత్తేసినాననుకుంటాడు. మార్చేది లే!"

నిజమే. నల్లబండ మీద జానెడు లోతు చెక్కించాడు. వెయ్యి ఎంబీ కాదు, లక్ష ఎంబీ ఇస్తామన్నా అతను ఆ అడ్రసు వదలడు.

ఇక ఉన్నదాంట్లోనే ఖాళీ చేయాలి. పక్క సందులో బట్టలు కుట్టే మాబున్నీని పిలిపించాను. కువైట్ నుంచి ఆమె భర్త పంపిన ఫోటోలు ఆరు ఇన్‌బాక్సులో ఉన్నాయి. నా దగ్గర రంగుల ప్రింటరు లేదు, కంప్యూటర్లో దాచినవేవీ వైరస్ దెబ్బకు నిలిచేవి కావు. ఆమె రోజూ వచ్చి తెర మీదే చూసుకుని పోయేది.

"చోటంతా నీ ఫోటోలే తినేసినాయమ్మా. చానా బరువు. తీసేస్తేనే ఓబులేసుకు మెయిలొస్తుంది," అన్నాను.

"బరువా? మనిషే యాభై కిలోలు లేడు కదన్నా!"

ఓబులేసు నవ్వలేదు. "మాబున్నీ, పది ఇండ్ల కూడు ఈ పొద్దు నీ చేతిలో ఉండాది తల్లీ."

ఆమె తెర దగ్గరికి జరిగింది. ఒక్కొక్కటీ తెరిపించి చూసింది. "ఈ ఐదూ తీసెయ్. టోపీ పెట్టుకోని నగుతాండాడే, అది మాత్రం ఉండనీ. ఆయప్ప నగేదే తక్కువ."

ఐదూ తీసేశాను. ఓబులేసు బెంగళూరుకు ఫోన్ చేసి మళ్ళీ పంపమన్నాడు. నాలుగున్నరకు డ్రాయింగు దిగింది. ఓబులేసు ఎస్టీడీ బూత్ నుంచి రేటు చెప్పాడు. ఆర్డరు దక్కింది.

కొన్ని వారాలకు పాత కంపెనీ, కొత్తదాని దెబ్బకు తట్టుకోలేక, చోటు పాతిక రెట్లు పెంచింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మాబున్నీ ఆగి, ఏం రాశావని అడిగింది. ఊరందరి ఫోటోలూ పడతాయన్నాను.

"ఆ ఐదూ మళ్ళా వస్తాయా అన్నా?"

రావన్నాను.

ఆ రోజు నాకు నేర్పింది ఒకటే. కంపెనీలు చోటు కోసం కొట్టుకుంటాయి, మనుషులు అడ్రసును పట్టుకుని ఉంటారు. ఎవరు గెలుస్తున్నారో బోర్డు మీద రాయడం తేలిక. ఈలోగా ఎవరిది తీసేయాలో తేల్చేది మాత్రం కౌంటర్ వెనక కూర్చున్న నాలాంటివాడు.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. వేరుశనగ పంటా, జానెడు లోతూ మీరే పట్టేసి ఉంటారు. అసలు కల్పన వేరే ఉంది. చోటంతా మాబున్నీ ఫోటోలే తిన్నాయన్న మాట. ఆరూ కలిపి ఒక ఎంబీ లేవు. మిగతాదంతా మా బామ్మర్ది పంపిన స్కాన్లు. బోర్డుకు పనికొస్తాయని దాచుకున్నాను. పాత కంపెనీ త్వరలో చోటు పెంచేలా ఉందన్న వార్త వాటిలోనే ఉంది. ఆ రోజుకు నేనింకా దాన్ని తెరిచి చదవలేదు.