నాలుగో పంపు, మూడో జత స్పీకర్లు

పంపుహౌసులో అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అంటారు. ఆరు పంపులు ఒక్కసారి హోరెత్తే ఆ హాల్లో పక్కవాడు చెవిలో అరిస్తే గానీ వినపడదు. ఆయన మాత్రం పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచేసరికి ఏ బేరింగు ఇంకెన్నాళ్ళు ఉంటుందో చెప్పేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఆయన మాట తప్పలేదు. ఆ సంగతి ఊరందరికీ చెప్పుకునేదీ ఆయనే అనుకోండి, అది వేరే విషయం. చెవుల్లో పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన రబ్బరు బిరడాలు సీలు విప్పకుండా లాకర్లోనే ఉండేవి. చెవులు మూసుకుంటే ఇక నేనెందుకు, అనేవాడు.

మొన్న శుక్రవారం, కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ ఆయన్ని నాలుగో పంపు దగ్గరికి పిలిచింది.

"బేరింగు సన్నగా కూస్తోంది మేస్త్రీగారూ. ఆపి విప్పి చూద్దామా?"

ఆయన విన్నాడు. ఏమీ లేదు. మళ్ళీ విన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ వీటి గోల వింటున్నానమ్మా. నడవనీ."

అలా ఆయన మాట మీద పంపు నడుస్తూనే ఉంది. ఆయన మాట తప్పయితే బేరింగు పట్టేసి షాఫ్టు విరుగుతుంది, ఆ పక్కనే మనుషులు పనిచేస్తుంటారు. ఈ ఆలోచన రెండు రోజులుగా ఆయన్ని లోపల్లోపల తొలిచేస్తోంది. పైకి మాత్రం కోపమంతా స్పీకర్ల మీద చూపిస్తున్నాడు.

ఆయనకు గిటారంటే చెవి కోసుకునేంత ఇష్టం. గోడలు అదిరేలా గిటారు మోత పెంచే పాత ఆంప్‌ను పక్కింటివాళ్ళ పోరు పడలేక వదిలించుకుని, టిఫిన్ బాక్సంత డిజిటల్ ఆంప్ కొనుక్కున్నాడు. దానికి స్పీకర్లు వెతికే భారం బావమరిది మీద పడింది. అతనికి ఆడియో సామాన్ల దుకాణముంది, ఓపిక కూడా కొంత ఉంది. మొదట పాటలు వినే స్పీకర్లు తెచ్చాడు. దుప్పటి కప్పుకుని మూలిగినట్టుంది, అన్నాడు బావ. తర్వాత గిటారు స్పీకర్ తెచ్చాడు. అదీ అంతే. ఆదివారం మధ్యాహ్నం మూడో జతను చంకన పెట్టుకుని వచ్చేసరికి అతని మొహంలో నవ్వు లేదు.

"ఇవి స్టూడియోలో వాడేవి బావా. పెద్ద ఆంప్‌నీ దాని స్పీకర్‌నీ నీ డబ్బానే అనుకరిస్తుంది. కాబట్టి బయట పెట్టే స్పీకర్ తన సొంత కవిత్వం కలపకుండా, ఉన్నది ఉన్నట్టు వినిపించాలి. ఇవి అలాంటివే. ఇవీ నచ్చకపోతే నువ్వే ఒక ఫ్యాక్టరీ పెట్టుకో."

రెంటినీ స్టూళ్ళ మీద చెవుల ఎత్తుకు పెట్టాడు. మేస్త్రీ తీగ మీటాడు. మళ్ళీ అదే దుప్పటి. పళ్ళు బిగించి, సన్నటి శబ్దాలను పెంచే ట్రెబుల్ బటన్ తిప్పాడు, ఇంకా తిప్పాడు, బటన్ చివరికొచ్చి ఆగిపోయింది. అప్పటికి గానీ మీటే ప్లెక్ట్రమ్ బిళ్ళ తీగకు తగిలే చప్పుడు ఆయనకు అందలేదు.

"ఇప్పుడు కాస్త నయం" అన్నాడు.

బావమరిది అప్పటికే రెండు చెవులూ మూసుకున్నాడు. "నయమా? రంపంతో రేకు కోస్తున్నట్టుంది! అక్కా, నువ్వెలా భరిస్తున్నావే?"

లోపలి గదిలో బట్టలు మడత పెడుతున్న మేస్త్రీ భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆమె చెవుల్లో దూది ఉంది. మేస్త్రీ దాన్ని అప్పుడే మొదటిసారి చూశాడు.

బావమరిది బటన్‌ను మధ్యకు తిప్పి తీగ మీటాడు. "ఇప్పుడు ఎంత బాగుందో!" అంది ఆమె, దూది తీసేసి. మేస్త్రీకి మాత్రం గిటారు పక్కింటికి వెళ్ళిపోయినట్టనిపించింది.

"స్పీకరే పాడైంది" అన్నాడు గట్టిగా.

"సరే, తేల్చేద్దాం. దుకాణంలో స్పీకర్లు పరీక్షించే కూత నా ఫోన్లో ఉంది. సన్నగా మొదలై ఇంకా సన్నబడుతుంది. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి."

మొదట ముగ్గురి చేతులూ పైనే ఉన్నాయి. కాసేపటికి మేస్త్రీకి గదంతా నిశ్శబ్దమైపోయింది. అయిపోయిందనుకుని చెయ్యి దించాడు. ఎదురుగా భార్య చెయ్యి లేచే ఉంది, బావమరిదిదీ అంతే. ఇద్దరూ తననే చూస్తున్నారు.

"ఆఁ, వస్తోంది వస్తోంది" అంటూ గబుక్కున చెయ్యెత్తాడు. వాళ్ళు చేతులు దించినా ఆయన మాత్రం పంతంగా అలాగే పట్టుకున్నాడు.

"కూత ఎప్పుడో ఆపేశాను బావా" అన్నాడు బావమరిది మెల్లగా.

ఆయనకు సిగ్గేసింది. ఆ వెంటనే భయమేసింది, సిగ్గుకన్నా పెద్దగా. ఇంజనీరమ్మ విన్నది ఇలాంటి కూతే. ఫోన్ తీసి, పంపుహౌసు ఆఫీసు గదిలో ఉన్న ఆమెకు చేశాడు.

"అమ్మా, నాలుగో పంపు ఆపెయ్. ఇప్పుడే."

"మీరొచ్చి ఇంకోసారి వింటారా మేస్త్రీగారూ?"

"నేను విని లాభం లేదు. నాకు వినపడట్లేదు." ఆ మాట అనడానికి ఊపిరంతా కూడదీసుకోవాల్సొచ్చింది. "నీకు కూసిందంటే కూసినట్టే. దగ్గర ఎవరైనా ఉన్నారా?"

అవతల ఆమె పంపు ఆపమని ఎవరికో చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"ఎవరూ లేరండీ. శుక్రవారమే అందరినీ అటు పోవద్దన్నాను. మిమ్మల్ని కాదని పంపు ఆపలేకపోయాను గానీ..."

ఆయన ఫోన్ పెట్టేశాడు. తన మాట మీద గౌరవంతో అవతలి వాళ్ళు తన వెనకాల జాగ్రత్త పడుతున్నారు. పంపుహౌసులో ఆ పిల్ల, ఇంట్లో ఈవిడ.

"ఎన్నాళ్ళయింది ఆ దూది?" అని అడిగాడు.

"రెండేళ్ళవుతుందండీ."

"చెప్పచ్చుగా!"

"ఎలా చెప్పనండీ? మీకున్న గొప్పంతా అదేగా."

ఆయన తల తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకుంటుంటే బావమరిది స్పీకర్ల వైర్లు సర్దుతున్నట్టు నటించాడు.

"ఇవి తీసుకెళ్ళనా బావా?"

"వద్దు, ఉండనీ. స్పీకర్లు బాగానే ఉన్నాయి."

గిటారు ఒళ్ళోకి తీసుకుని, భార్యను ఆంప్ పక్కన కూర్చోమన్నాడు. "బటన్ నువ్వు తిప్పు. బాగుందనిపించిన చోట ఆపు."

ఆమె కొంచెం తిప్పి చెయ్యి తీసేసింది. ఆయన వాయించడం మొదలుపెట్టాడు. సగం స్వరాలు ఆయనదాకా రాలేదు. ఆమె మొహం చూస్తూ వాయించాడు.