ఊరంతా ఎరిగిన రాహేలమ్మ

1978. శాసనసభ ఎన్నికలు. నేనప్పుడు నర్సీపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో హెడ్ క్లర్కుని. ఎన్నికలొస్తే మాలాంటి వాళ్ళకి ప్రిసైడింగ్ ఆఫీసరు పని పడేది. అంటే పోలింగ్ బూత్ బాధ్యత అంతా ఆ ఒక్కరోజుకి మనదే. ఇనప పెట్టెలు, బ్యాలెట్ కాగితాలు, సిరా సీసా జీపులో వేసుకుని రావికమతం వైపు ఒక పల్లెకి వెళ్ళాం. ఊరి బడిలో బూత్.

అప్పటికింకా ఓటరు కార్డులు లేవు. ఓటరు వచ్చి పేరు చెబితే పోలింగ్ ఆఫీసరు జాబితాలో చూసి పైకి చదువుతాడు. పక్కన కూర్చున్న అభ్యర్థుల ఏజెంట్లు వింటారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే వేలికి సిరా పూసి బ్యాలెట్ ఇస్తాం. "ఈ మనిషి ఆ మనిషి కాదు" అని ఏజెంటు అభ్యంతరం చెబితే దాన్ని ఛాలెంజ్డ్ ఓటు అంటారు. ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడే విచారించి తేల్చాలి. ముందు ఏజెంటు రుజువు చూపాలి, తరవాత ఓటరు జవాబు చెప్పుకోవాలి. కాగితాలు లేని రోజుల్లో రుజువంటే ఎరిగున్నవాళ్ళ మాటే. అందులోనూ మునసబు మాటకి బరువెక్కువ.

ఎండ ఎక్కుతుండగా ఊరి చివర క్రైస్తవుల పేట నుంచి జనం కట్టగట్టుకుని వచ్చారు. ముందు ఒక పెద్దావిడ. తెల్లచీర, చేతులకి గాజుల్లేవు, నడక మాత్రం గట్టిగా ఉంది. పేరు రాహేలమ్మ అని చెప్పింది. మిషన్ ఆస్పత్రిలో పని నేర్చుకుని ఆ ఊళ్ళో పురుళ్ళు పోసే మంత్రసాని.

జాబితాలో పేరు చదవగానే రమణ అనే ఏజెంటు లేచాడు.

"అబ్జెక్షన్ సార్. ఈవిడ రాహేలమ్మ కాదండి."

ఆవిడ ముందు నవ్వింది, హాస్యమాడుతున్నాడనుకుని. అతని ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

"నానెవరో ఎరగవేటి రమణా? నీ పెద్దకూతురు కడుపులో అడ్డం తిరిగిపోతే మీ ఇంటికాడ కూకుండిపోనేదేటి నాను?"

"కతలు ఇనకండి సార్. కాయితం ఏదైనా ఉంటే సూపించమనండి."

రుజువేమిటని అతన్నే అడిగాను. వరండాలో కూర్చున్న మునసబుని పిలిపించాడు. మునసబు ఆవిడ వైపు చూడకుండానే చెప్పాడు.

"రాహేలమ్మ వేరండీ. ఈవిణ్ణి నేనెప్పుడూ చూళ్ళేదు."

పేటవాళ్ళు ముగ్గురు నలుగురు గుమ్మంలోకి వచ్చి "ఈవిడే బావూ, మా రాహేలమ్మే" అన్నారు. వెంటనే రమణ అందుకున్నాడు. "ఆళ్ళెవరో ఎవరికి తెలుసండి? ముందు ఆళ్ళని గుర్తుపట్టమనండి."

"అమ్మా, ఊళ్ళోవాళ్ళు నీ తరపున ఎవరైనా చెబుతారా?" అని అడిగాను. ఆవిడ ఆడవాళ్ళ వరస వైపు తిరిగింది. అక్కడ చంటిబిడ్డని ఎత్తుకుని ఒక పడుచు నిలబడి ఉంది.

"నూకరత్నం, నువ్వు సెప్పమ్మా. నీ సంకనున్న పిల్లని మొదట ఎత్తుకున్నది నానే గదా. ఒక్క మాట సెప్పు."

నూకరత్నం రమణ వైపు చూసింది. బిడ్డని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది. "నాకు తెల్దు" అంది, నోట్లోనే. వరసలో ఆమె వెనకున్నవాళ్ళు నేల చూపులు చూశారు. రాహేలమ్మ ఇంకెవర్నీ అడగలేదు.

నేను నా విచారణ నేను చేశాను. తండ్రి పేరు, పోయిన భర్త పేరు, వయసు, ఇంటి నంబరు, పక్కింట్లో ఉండేవాళ్ళ పేర్లు అడిగాను. తడుముకోకుండా చెప్పింది. అన్నీ జాబితాతో సరిపోయాయి. మునసబు మాటని కాదని, అభ్యంతరం చెల్లదని రాసి సంతకం పెట్టాను. రమణ గట్టిగానే అరిచాడు. కానిస్టేబుల్ కూర్చోబెట్టాడు. రాహేలమ్మ వేలికి సిరా పూసి, బ్యాలెట్, ముద్ర చేతికిచ్చాం.

ఆవిడ తడిక చాటుకి వెళ్ళబోయి ఆగింది. వెనక్కి వచ్చి బ్యాలెట్ నా బల్లమీద పెట్టింది.

"ఇది నీకాడే ఉంచు బావూ."

"అదేమిటమ్మా? నీ ఓటు నీదేనని రాసేశాను కదా."

"నువ్వు రాసినావు. ఊరు నేదన్నాది. నేని మనిసి ఓటేత్తాదేటి?"

ఎంత చెప్పినా వినలేదు. ఓటరు తిరిగిచ్చిన బ్యాలెట్ మీద 'రిటర్న్‌డ్, క్యాన్సిల్డ్' అని రాసి కవరులో పెట్టాలి. అలాగే పెట్టాను. ఆవిడ బయటికి వెళ్ళింది. పేటవాళ్ళు కూడా ఓటెయ్యకుండానే ఆవిడ వెంట తిరిగి వెళ్ళిపోయారు. చట్టప్రకారం ఓడిపోయిన రమణ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అతనికి కావలసింది అదే.

పెట్టెలకు సీలు వేస్తుంటే బడి మాస్టారు అసలు సంగతి చెప్పారు. పేటవాళ్ళ శ్మశానానికి దారి ఊరి పెద్దాయన జీడితోటలోంచి పోవాలి. ఆయన కంచె వేయించాడు. రమణ ఏజెంటుగా కూర్చున్నది ఆయన నిలబెట్టిన మనిషికే. దారి ఇవ్వకపోతే పేట ఓట్లు మీ మనిషికి పడవని ఆయన అరుగు దగ్గరే నిలబడి చెప్పింది రాహేలమ్మ. పేటలో మగాళ్ళెవరూ నోరెత్తలేదట.

"మరి మీరెందుకు చెప్పలేదు మాస్టారూ, ఆవిడ ఎవరో?" అన్నాను.

"నేనీ ఊళ్ళో ఉద్యోగం చేసుకోవాలి కదండీ" అన్నారాయన.

1983 ఎన్నికలయ్యాక నర్సీపట్నం బస్టాండు దగ్గర రాహేలమ్మ కనిపించింది. బాగా వంగిపోయింది. ఆ ఓటు గొడవ జరిగిన ఏడాదే ఊరు వదిలేసిందట. టౌనులో ఒక నర్సింగ్ హోంలో ఆయాగా ఉంటోంది. నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఊరికి వెళ్తుంటావా అంటే లేదంది. పురుళ్ళకి పిలుపులొచ్చినా వెళ్ళలేదట.

"ఈసారైనా ఓటేశావా అమ్మా?"

"ఏసినాను బావూ. ఇక్కడ నన్నెవులూ ఎరగరు గదా, బేగి అయిపోనాది."

ఆ తరవాత చాలా ఎన్నికలు చేశాను. ఫొటో కార్డులొచ్చాక మా తోటి ఉద్యోగులు విసుక్కునేవారు, ఒకరినొకరు ఎరిగున్న పల్లెల్లో ఈ కార్డులెందుకని. నేను వాళ్ళతో వాదించలేదు. ఎరిగుండడం వేరు, ఎరుగుదుమని నలుగురిలో చెప్పడం వేరు. ఆ రెండో దానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఏ చట్టమూ ఎవరి దగ్గరా వసూలు చేయజాలదు.