నిండు డ్రమ్ము

నా చిన్నప్పుడు కిరందుల్ గని కాలనీలో కుళాయి పొద్దున ఒక్కపూటే వచ్చేది. అందుకని ప్రతి పెరట్లోనూ నీళ్ళు పట్టి ఉంచే ఇనుప డ్రమ్ము ఉండేది. ఒక ఎండాకాలం మా నాన్న సంత నుంచి తెచ్చిన చేపల్లో ఒక శీలావతి పిల్ల ఇంకా కొట్టుకుంటోంది. దాన్ని కోయనివ్వనని నేను ఏడ్చి రాగాలు పెడితే, డ్రమ్ములో వేసి, ఆదివారం దాకా బతికితే వాగులో వదిలేద్దామన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అది పైకి తేలి నోరు తెరుస్తోంది. ఆకలేమోనని మా అమ్మ గుప్పెడు అన్నం వేసింది. నాన్న తొంగి చూసి, "నీళ్ళు నిండుగా ఉన్నాయి కదే, ఇంకేం కావాలి దానికి?" అన్నాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పక్కింటి అక్కను పిలుచుకొచ్చాను. వాళ్ళది దోర్నపాల్ వైపు. జగదల్‌పూర్ కాలేజీలో చదువుతూ, పరీక్షల మధ్య ఇంటికొచ్చింది. నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, "ఏంది కాకా, నిండుగుంటే సరిపోద్దా? కాగిన నీళ్ళల్ల గాలి నిలవదు. దీనికి ఊపిరాడతలేదు" అంది. అన్నం కుళ్ళితే ఉన్న కాస్త గాలీ పోతుందని దాన్ని తీసేసింది. డ్రమ్మును నీడకు జరిపించి, చెంబుతో నీళ్ళు ముంచి, గాలి కలిసేలా ఎత్తు నుంచి పోయసాగింది. నేనూ పోశాను. కాసేపటికి చేప కిందికి దిగింది.

పోస్తూనే అక్క చెప్పింది. మనుషులు పుట్టకముందెప్పుడో నేల బద్దలై ఏళ్ళ తరబడి నిప్పు కక్కిందట. ఆ పొగలకు లోకమంతా వేడెక్కి, సముద్రాలూ వేడెక్కాయట. నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటిలోని ఊపిరే తగ్గిపోయింది. సముద్రంలో బతికే జీవుల్లో ఎన్నో జాతులు మళ్ళీ కనబడకుండా పోయాయట. "డ్రమ్ముకైతే మనం పోస్తున్నం. సముద్రానికి ఎవరు పోస్తరే?" అంది. నాన్న నవ్వేశాడు.

శనివారం అక్క పరీక్షకని వెళ్ళిపోయింది. నేను బడికి పోయాను. అంట్లు తోముకోవడానికి అడ్డమని అమ్మ డ్రమ్మును మళ్ళీ ఎండలోకి జరిపించింది. నేను తిరిగొచ్చేసరికి చేప వెల్లకిలా తేలి ఉంది. నాన్న నిజంగానే బాధపడ్డాడు. కానీ, "నీళ్ళు నిండుగానే ఉన్నాయే!" అంటూ మళ్ళీ అదే మాట. అంత విడమరిచి చెప్పినా వినలేదని నేను ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. సముద్రాలు వేడెక్కుతున్నాయని టీవీలో వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు, అంత నీటికి ఏమవుతుందిలే అంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. కానీ నేను చెంబుతో పోస్తుంటే ఆ చేప కిందికి దిగడం నా కళ్ళతో చూశాను. అందుకే విసుక్కుంటూనే మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.