బొట్టు లేని పటం

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు వెళ్ళే దారిలో, ఇరానీ హోటల్ పక్క సందు మొదట్లో కిషన్ పటాల దుకాణం ఉండేది. పేరుకే కిషన్‌ది. అద్దం కొయ్యడం దగ్గర్నుంచి గిరాకీతో బేరమాడటం దాకా అంతా వాళ్ళ వదిన నర్మద చేతుల మీద నడిచేది. కిషన్ ఫ్రేము కట్టెలు కోసేవాడు, మేకులు కొట్టేవాడు, మిగతా వేళల్లో వదిన ఏం చెప్పినా తలూపేవాడు. అట్లా తలూపే మరుదులు ఆ రోజుల్లోనే కాదు, ఏ రోజుల్లోనూ తేలిగ్గా దొరకరు.

పొద్దున్నే బోణీ నర్మద చేతులతోనే జరగాలని కిషన్ పట్టు. కొత్త పెళ్ళిజంట ఫోటో పట్టుకొచ్చినవాళ్ళు కూడా, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ, చేతుల నిండా గాజులు ఉన్న ఆ మనిషి చేతి నుంచి పటం అందుకుని సంతోషంగా వెళ్ళేవాళ్ళు.

ఆ దుకాణానికి ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ పటం బొట్టు లేకుండా గడప దాటదు. అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి, గంధపు పొట్టు దండ వేసి మరీ ఇస్తారు. నర్మద అత్తగారు పెట్టిన నియమం అది. బతికున్నవాళ్ళ పటానికి మాత్రం చచ్చినా పెట్టగూడదు. పెడితే మనమే వాళ్ళను సాగనంపినట్టు.

దుకాణం లోపలి గోడకు మాత్రం ఒక పటం ఎన్నో ఏళ్ళుగా బొట్టు లేకుండా వేలాడుతూ ఉండేది. అందులో ఉన్నవాడు బిచ్చయ్య. కిషన్‌కు అన్న, నర్మదకు పెనిమిటి.

బిచ్చయ్య నిజాం ఫౌజులో సిపాయి. పెళ్ళయిన రెండో ఏడే అతని పటాలాన్ని మలయా పంపించారు. తిన్న ఉప్పు నిజాంది, లడాయి ఇంగ్లీషువాడిది, గడ్డ మలయావాళ్ళది, తూటా జపానువాడిది. ఆ మొత్తం వ్యవహారంలో బిచ్చయ్యకు సొంతమైంది ప్రాణం ఒక్కటే. ఆచూకీ లేదని మాత్రం కబురొచ్చింది. లడాయి ముగిశాక, చెరలో ఎముకల గూళ్ళయిన సిపాయిలు కొందరు తిరిగొచ్చారు. వాళ్ళలో వెంకటేశం అనేవాడు వెతుక్కుంటూ ఇంటికొచ్చి, బిచ్చయ్య తల్లి ముందు నిలబడ్డాడు.

"సముద్రం ఒడ్డుకు ఇసుకల బోర్ల పడ్డడవ్వా. నేను చూసిన."

"మొఖం చూసినవా?" అని అడిగింది ముసలామె.

"బోర్ల పడె గదవ్వా. మొఖం ఎట్ల కనవడ్తది?"

"మొఖం చూడందే మా పిల్లగాడని ఎట్ల చెప్తవ్? పో, అవతలికి పో!" అని అతన్ని వాకిట్లోంచే తరిమేసింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తలుపు వెనక నిలబడి నర్మద అంతా వింది. వెంకటేశం మాట నిజమని ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. తోటివాడి చావు చెప్పడానికి అంత దూరం నడిచొచ్చినవాడు అబద్ధం ఎందుకు చెబుతాడు? కానీ నోరు విప్పలేదు. విప్పితే తరవాత ఏం జరుగుతుందో చిన్నప్పుడు మేనత్త విషయంలో కళ్ళారా చూసింది. గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు, పెళ్ళిళ్ళప్పుడు వెనక గదిలో కూర్చోబెట్టారు. నిన్నటిదాకా ఎదురొస్తే మంచిదన్నవాళ్ళే ఆమె కనబడగానే గుమ్మంలో ఆగి నీళ్ళు తాగి బయల్దేరేవారు. అత్తగారి మొండి ఆశ చాటున నర్మద దాక్కుంది. ఆ చాటు బాగానే పనికొచ్చింది. ముసలామె కొడుకు కోసం చూస్తూ చూస్తూ యాభై ఆరులో కన్నుమూసింది. ఆ తరవాత చాటు లేదు, అయినా బొట్టు ఉంది, అలవాటు ఉంది.

అయితే ప్రతి ఏడూ ఒక రోజు మాత్రం నర్మదకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. అది పెత్రమాస. ఆ రోజు పోయినవాళ్ళ పేర్ల మీద అయ్యవారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. గుడి అరుగు మీద వామన్‌రావు పంతులు చాప వేసుకుని కూర్చునేవాడు, వాడకట్టంతా వరసలో నిలబడేది. కిషన్ తండ్రి పేరు చెప్పేవాడు, తాత పేరు చెప్పేవాడు, తల్లి పోయాక తల్లి పేరూ చెప్పేవాడు. "ఇంకెవరన్న ఉన్నరా?" అనేవాడు పంతులు. కిషన్ ఒకసారి వెనక్కి తిరిగి వదిన నుదుటి వంక చూసేవాడు. "లేరు పంతులూ" అనేవాడు.

ఆ రెండు మాటలూ వదిన కోసమే అనేవాడని నర్మదకు తెలుసు. తన బొట్టు నిలవాలంటే బిచ్చయ్య పేరు పలకగూడదు. బిచ్చయ్యకు పిడికెడు బియ్యం అందాలంటే తన బొట్టు పోవాలి, దుకాణంలో బోణీ పోవాలి, అనసూయ పిల్లల పెళ్ళిళ్ళలో ముందు వరస పోవాలి. అనసూయ కిషన్ పెళ్ళాం. మంచిదే, కానీ పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగొచ్చే మనిషి. ఆమె తన ముఖం చూసి గుమ్మంలో ఆగే రోజు వస్తుందేమోనని నర్మదకు అన్నిటికన్నా ఎక్కువ భయం.

యాభై తొమ్మిదిలో ఒక సాయంత్రం ఆ దుకాణానికి డెలానీ టీచరమ్మ వచ్చింది. ఆబిడ్స్‌లో ఒక బడిలో పాఠాలు చెప్పేది, గొడుగు లేకుండా ఎవరూ చూడలేదామెను. "రాండ్రి ఇంగ్లీషు దొరసానీ" అని కిషన్ స్టూలు వేస్తే, "ఇంగ్లీషు కాదు, ఐర్లండ్" అని గద్దించింది. మనకు తోలు తెల్లగా ఉంటే చాలు, అందరూ ఇంగ్లీషువాళ్ళే. కృష్ణ దాటి వచ్చినవాళ్ళందరినీ గుంటూరోళ్ళే అనేసినట్టు.

రుమాల్లో చుట్టుకొచ్చిన ఫోటో బల్ల మీద పెట్టింది. సిపాయి దుస్తుల్లో పాతికేళ్ళు నిండని పిల్లవాడు. పిల్లల దగ్గర పట్టుబడ్డ తెలుగులో, సగం హిందుస్తానీ కలిపి చెప్పింది. తమ్ముడు, పేరు థామస్. ఊళ్ళో పని దొరక్క అమెరికా పోయాడు. ఇటుకలు మోశాడు. ఆ దేశం అతన్నింకా తమ మనిషని రాసుకోనైనా లేదు, ఫౌజులోకి మాత్రం తీసుకుని కొరియా లడాయికి పంపించింది.

"మల్ల ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగింది నర్మద.

టీచరమ్మ తల అడ్డంగా ఊపి, శనివారం వస్తానని వెళ్ళిపోయింది.

తల అడ్డంగా ఊపితే ఏమనుకుంటాం? రాడనే కదా. నర్మదా అదే అనుకుంది. పరాయి దేశం, పరాయి మతం అనేవి ఆమెకు అడ్డం రాలేదు. మంచి టేకు ఫ్రేము ఏరి, అద్దం తుడిచి, ఆ కుర్రవాడి నుదుటి మీద పొందిగ్గా బొట్టు పెట్టి, గంధపు దండ ఉచితంగా వేసింది. శనివారం వచ్చి చూసిన టీచరమ్మ ముఖం పాలిపోయింది.

"ఏమిటిది?"

"పోయినోల్లకు పెడ్తం టీచరమ్మా. మర్యాద."

"పోయాడని నీకెవరు చెప్పారు? దొరకలేదన్నారు. దొరకలేదు, అంతే! మా అమ్మ రోజూ వాడి కంచం పెడుతోంది అక్కడ!"

నర్మద పటం వెనక్కి తీసుకుంది. తన మొగుడి పటానికి ఇన్నేళ్ళూ ఎవరి చేతా బొట్టు పెట్టనివ్వని తానే, ఇంకొకామె తమ్ముడికి అడగకుండా పెట్టేసింది. దండ తీసింది. కొంగుతో అద్దం మీద బొట్టు తుడిచింది. బొట్టు తుడవడం ఎట్లా ఉంటుందో చేతికి తెలిసింది. "తప్పయింది, తల్లీ" అంది.

ఆమె బొట్టు తుడిచిన తీరు చూసి కాబోలు, టీచరమ్మ కోపం దిగింది. అప్పుడే లోపలి గోడ మీద ఫౌజీ పటం ఆమె కళ్ళబడింది.

"ఆయనెవరు?"

"మా ఆయన. జంగుకు పోయిండు."

"వస్తాడా?"

"ఏమో" అంది నర్మద, వెంకటేశం కబురు గొంతులోనే మింగేసి. ఆ అబద్ధం మీదే వాళ్ళ స్నేహం మొదలైంది. అబద్ధం మీద మొదలైన స్నేహాలన్నీ చెడిపోవాలనేం లేదు. శనివారాలు టీచరమ్మ వచ్చేది, ఇరానీ హోటల్ నుంచి చాయ్ వచ్చేది. ఇద్దరూ తమ సిపాయిల గురించి, వాళ్ళు నిన్న మొన్నే ఊరెళ్ళినట్టు మాట్లాడుకునేవారు. ఒకడికి పప్పు నచ్చదు, ఇంకొకడు నిద్రలో పాటలు పాడతాడు. ఆ కాసేపూ నర్మదకు నిజంగానే హాయిగా ఉండేది. ఆమె వెళ్ళాక సిగ్గుగా ఉండేది.

మూడేళ్ళ తరవాత ఒక అక్టోబరు ఆఖర్న, తుఫాను ముసురులో టీచరమ్మ పటం చంకన పెట్టుకుని వచ్చింది. తల్లి పోయిందని ఇంటి నుంచి కబురందిందట.

"ఇప్పుడు పెట్టు బొట్టు" అంది.

నర్మద అర్థం కానట్టు చూసింది.

"అమ్మ కోసం దాచాను, నర్మదా. వాడు లేడని నాకెప్పుడో తెలుసు. నేను ఒప్పుకుంటే అమ్మ పోతుందని భయం. మా చర్చిలో నవంబరులో పోయినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. ఇన్నేళ్ళూ వాడి పేరు నేనివ్వలేదు. అమెరికావాళ్ళకు వాడు పరాయివాడు. మా ఊరివాళ్ళకు ఎవరి జెండా కిందో చచ్చినవాడు. బతికినవాళ్ళలో లేడు, నా మూలాన చచ్చినవాళ్ళలోనూ లేడు. అంత అన్యాయం అమెరికావాడు చేశాడా, కొరియావాడు చేశాడా? నేను చేశాను."

నర్మద కుంకుమ భరిణె తీసింది కానీ వేలు కదల్లేదు. ఆ మాటలన్నీ ఎవరో తన ఇంట్లో దూరి, తన గురించి తెలుసుకొచ్చి చెబుతున్నట్టున్నాయి. చివరికి టీచరమ్మే ఆమె చెయ్యి పట్టుకుని అద్దం దాకా తీసుకెళ్ళింది.

ఆ నవంబరులో నర్మద కొంగు తల మీదుగా కప్పుకుని చర్చిలో చివరి బల్ల దగ్గర నిలబడింది. ఫాదర్ చదివే పేర్లలో ఒక్కటీ ఆమెకు తెలియదు. "థామస్ డెలానీ" అన్న పేరు వినబడగానే ముందు వరసలో టీచరమ్మ భుజాలు కదిలాయి. అంతే. ఎవరూ ఆమె గాజులు పగలగొట్టలేదు. ప్రార్థన అయ్యాక బయటికొచ్చి, గొడుగు విప్పి, చాయ్ తాగుదామా అని అడిగింది. నర్మదకు ఆమె మీద అసూయ కలిగింది. తమ్ముణ్ణి తలుచుకున్నా టీచరమ్మ టీచరమ్మగానే మిగిలింది. తాను మాత్రం తలుచుకోవడానికీ సుంకం కట్టాలి. కట్టేవరకూ ఆయనకు ముద్ద లేదు. ఈ లెక్క పెట్టినవాడెవడో గానీ, వాడి పెళ్ళాం వాడికన్నా ముందు పోయి ఉంటుంది.

మరుసటి పెత్రమాస నాడు నర్మద మూటలు రెండు కట్టింది.

"గిదెవరికక్కా?" అంది అనసూయ.

"చెప్త, పద."

గుడి దగ్గర వరసలో వాళ్ళ వంతు వచ్చింది. కిషన్ పేర్లు చెప్పాడు. "ఇంకెవరన్న ఉన్నరా?" అన్నాడు పంతులు. కిషన్ అలవాటు కొద్దీ వెనక్కి చూసేలోపే నర్మద ముందుకొచ్చి రెండో మూట చాప మీద పెట్టింది.

"ఉన్నడు పంతులూ. పేరు బిచ్చయ్య."

"నీకేమైతడమ్మా?"

"నా పెనిమిటి."

పంతులు ఆమె నుదుటి వంక చూశాడు, చేతుల గాజుల వంక చూశాడు, చివరికి కిషన్ వంక చూశాడు. వెనక వరసలో గుసగుసలు లేచాయి. "ఔ మల్ల, గా బొట్టు?" అని ఎవరో ఆడమనిషి అననే అంది.

నర్మద ఆ మాట వచ్చిన వైపు తిరిగింది. "మలయాల పోయిండాయన. వెంకటేశం వచ్చి చెప్పిననాడే నాకు ఎరుకైంది. గీ బొట్టు కాపాడుకుంట నేను గిన్నేండ్లు ఆయనకు పిడికెడు బియ్యం లేకుండ జేసిన. తప్పు నాదే. ఇయ్యాల్టి నుంచి ఆయనది ఆయనకిస్త. బొట్టు మాత్రం తియ్య. ఇది మా అవ్వ పెట్టింది, నాకు నడక రాకముందే. ఆయన తెచ్చింది గాదు, ఆయనెంట పోనీకి."

పంతులు మూట ముట్టుకోలేదు.

కిషన్ నోరు విప్పాడు. జన్మలో మొదటిసారి వదిన చెప్పకుండా మాట్లాడాడు. "పేరు చెప్పింది గద పంతులూ. సదువున్రి. మా అన్న ఆకలితోటున్నడు."

వామన్‌రావు పంతులు మూట దగ్గరికి లాక్కుని, నీళ్ళు వదిలి, మంత్రం మధ్యలో బిచ్చయ్య పేరు పలికాడు. ఆ పేరు పోయినవాళ్ళ వరసలో వినబడగానే నర్మద అరుగు మెట్ల మీదే కూలబడింది. వెంకటేశం వచ్చిన నాడు తలుపు వెనక అణుచుకున్న ఏడుపంతా బయటికొచ్చింది. నెత్తి బాదుకుని, ఊరంతా వినేటట్టు, "నా బిచ్చయ్యా" అని పేరు పెట్టి ఏడ్చింది. ఆడవాళ్ళు మొగుడి పేరు పలకగూడదన్నది ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు.

ఏడ్చి ఏడ్చి కొంగుతో ముఖం తుడుచుకుంటే కుంకుమ కాస్తా చెదిరిపోయి, నుదురు ఖాళీ అయింది. అనసూయ ఆ ఖాళీ నుదుటి వంక చూసింది. ఒక్క క్షణం ఆమె పాదం వెనక్కి పడింది కూడా. తరవాత పంతులు ముందున్న పళ్ళెంలోని కుంకుమలో వేలు అద్ది, ఎవరినీ అడక్కుండా, తోడికోడలి ముందు కూర్చుని బొట్టు పెట్టింది.

"లే అక్కా" అంది. "బోణీ యాళ్ళయింది."